ఒక్క కూపన్, ఒక్కసారే!

బ్రిటన్‌లో ఇంట్లో సరుకులు నిండుకున్నవాళ్లకు ఫుడ్ బ్యాంకు దిక్కు. అయితే చాలాచోట్ల నేరుగా వెళ్లి అడిగితే ఇవ్వరు. డాక్టరో, స్కూలు టీచరో, అప్పుల బాధలు వినే సలహాదారో ఎవరో ఒకరు ‘ఈ కుటుంబానికి అవసరం ఉంది’ అని కూపన్ రాసివ్వాలి. అది చూపిస్తే కనీసం మూడు రోజులకు సరిపడా సరుకులు కట్టి ఇస్తారు. ఆ దేశంలో ఎక్కువ ఫుడ్ బ్యాంకులను కలిపి నడిపేది ట్రస్సెల్ అనే స్వచ్ఛంద సంస్థ. 1997లో పుట్టిన ఈ సంస్థ 2000లో సాల్స్‌బరీ ఊళ్లో తొలి ఫుడ్ బ్యాంకు తెరిచింది.

అప్పట్లో అంతా కాగితమే. రాసిచ్చే టీచరు దగ్గర కూపన్ల పుస్తకం అయిపోతే కొత్తది వచ్చేదాకా ఆగాల్సి వచ్చేది. చంటిబిడ్డ ఉందనీ, ఒకరికి వేరుశనగ పడదనీ ఆ కుటుంబం గుమ్మంలోకి వచ్చాకే తెలిసేది. ఇప్పుడు చాలా కేంద్రాల్లో టీచరు కంప్యూటర్‌లో వివరాలు నింపగానే ఒక సంఖ్య పుడుతుంది. ఆ సంఖ్య కుటుంబం చేతికి వెళ్తుంది, వివరాలు ఫుడ్ బ్యాంకుకు వెళ్తాయి. మనిషి వచ్చేసరికి పాలపొడి డబ్బాతో సహా సంచి సిద్ధంగా ఉంటుంది. చూడటానికి ఇంతే. ఆ సంఖ్య వెనుక మాత్రం చాలా లెక్క ఉంది.

సంఖ్యను చదివేది మనిషి, టైపు చేసేది మనిషి. ఫోన్లో చెప్తున్నప్పుడు రెండు అంకెలు తారుమారు కావడం మామూలే. దీనికి ఐబీఎం ఇంజినీరు హాన్స్ పీటర్ లూన్ 1954లోనే ఒక ఉపాయం చెప్పి పేటెంటుకు పెట్టాడు. సంఖ్య చివర ఒక కాపలా అంకె చేర్చడమే ఆ ఉపాయం. కూపన్ సంఖ్య 2574 అనుకుందాం. కుడి చివరి అంకెతో మొదలుపెట్టి ఒకటి విడిచి ఒకటి రెట్టింపు చేయాలి. 4 రెట్టింపు 8. 7ను అలాగే ఉంచాలి. 5 రెట్టింపు 10, ఆ రెండంకెలనూ కూడితే 1. చివరికి 2. మొత్తం 18. పక్క పదికి, అంటే 20కి చేరాలంటే 2 కావాలి. కూపన్ మీద 25742 అని పడుతుంది. ఎవరైనా పొరపాటున 27542 అని కొడితే అదే లెక్కలో మొదటి నాలుగంకెల మొత్తం 20 వస్తుంది, చివర 0 ఉండాలి. కానీ 2 ఉంది. యంత్రం అక్కడికక్కడే ‘తప్పు’ అంటుంది. దీనికి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు.

లూన్ పద్ధతికి ఓ కన్నం ఉంది: పక్కపక్కన ఉన్న 0, 9 తారుమారైతే పట్టుకోలేదు. 1969లో డచ్చి గణితవేత్త వెర్హోఫ్ ఆ కన్నాన్నీ పూడ్చాడు. మన ఆధార్ సంఖ్యలో పన్నెండో అంకె వెర్హోఫ్ కాపలా అంకే.

కాపలా అంకె పొరపాటును పట్టుకుంటుంది కానీ మోసాన్ని పట్టుకోదు. పద్ధతి తెలిసినవాడు ఇంట్లో కూర్చుని సరైన సంఖ్యలు ఎన్నైనా తయారు చేయగలడు. అందుకే సంఖ్యలు వరుసగా కాకుండా, ఊహకు అందనట్టు పొడుగ్గా ఉండాలి. జాబితాలో ఉన్నవే చెల్లాలి.

అసలు చిక్కు ఒకే కూపన్ రెండుసార్లు చెల్లకుండా చూడటం. చిన్న సంఘాలు సాధారణంగా ఒక స్ప్రెడ్‌షీట్‌ను నలుగురూ పంచుకుని పని కానిస్తాయి. ఒకే సంఖ్య రెండు కౌంటర్లకు ఒకేసారి వచ్చిందనుకోండి. ఇద్దరూ చూసినప్పుడు ఆ గడి ఖాళీగానే ఉంటుంది, ఇద్దరూ సరుకులు ఇచ్చేస్తారు, ఆ తర్వాత ఇద్దరూ ‘ఇచ్చాం’ అని రాస్తారు. అందుకే డేటాబేస్‌లో ‘వాడారా?’ అని చూడటం, ‘వాడారు’ అని గుర్తు పెట్టడం విడదీయరాని ఒకే పనిగా జరగాలి. మధ్యలో ఇంకెవరూ దూరకూడదు. నెట్ లేనిచోట డిజిటల్ సంతకం ఉన్న క్యూఆర్ కోడ్ పెడితే అది అసలైనదో కాదో తెలుస్తుంది. ఇంకోచోట వాడేశారో లేదో మాత్రం తెలియదు. దీనికి నాకు నచ్చిన పరిష్కారంలో సాంకేతికత పెద్దగా లేదు: ప్రతి కూపన్‌నూ ఒకే కేంద్రానికి ముడిపెట్టేస్తే చాలు, పేచీ ఉండదు.

ఇంకో దారి, కూపనే లేకుండా చేయడం. జోర్డాన్‌లోని జాతరీ, అజ్రాక్ శిబిరాల్లో సిరియా కాందిశీకులు సూపర్‌మార్కెట్‌లో సరుకులు తీసుకుని, బిల్లు దగ్గర స్కానర్ వైపు చూస్తే చాలు. ఐక్యరాజ్యసమితి ప్రపంచ ఆహార కార్యక్రమం వాళ్ల పేరిట వేసిన మొత్తంలోంచి ఆ బిల్లు చెల్లిపోతుంది. ఈ స్కానర్ల వెనుక కేంబ్రిడ్జి శాస్త్రవేత్త జాన్ డాగ్‌మన్ 1990లలో వేసిన పునాది ఉంది. కంటిపాప చుట్టూ ఉండే కండర రేఖల అల్లికను ఆయన 2,048 సున్నాలు, ఒకట్లుగా మార్చాడు. ఇద్దరు వేర్వేరు మనుషుల సంకేతాలను పక్కన పెడితే, నాణెం ఎగరేసినట్టే, దాదాపు సగం చోట్ల తేడా వస్తుంది. ఒకే కంటిని రెండుసార్లు స్కాన్ చేసినా వెలుతురు, రెప్పల వల్ల కొంత తేడా తప్పదు. అయినా అది సగానికి చాలా దూరంలో ఉంటుంది. తేడా సుమారు మూడో వంతు కన్నా తగ్గితే ‘ఆ మనిషే’ అని యంత్రం తేలుస్తుంది.

2017 మేలో అజ్రాక్‌లో పది వేల మందితో ఇదే ఏర్పాటుకు బ్లాక్‌చెయిన్, అంటే పలువురి దగ్గర ఒకే ప్రతి ఉండే ఖాతా తగిలించారు. పేరంతా దానికే వచ్చింది. బ్యాంకు రుసుములు బాగా తగ్గాయని ప్రపంచ ఆహార కార్యక్రమం చెప్పింది. నిజమే కావచ్చు, కానీ ఒక్క సంస్థే నడిపే ఖాతాకు మామూలు డేటాబేస్ ఏం తక్కువ? వేర్వేరు సంస్థలు ఒకే పుస్తకంలో రాసుకున్నప్పుడే దానికి అర్థం. యుద్ధం మొదలయ్యాక ఉక్రెయిన్‌లో ఒకే కుటుంబానికి రెండు సంస్థలు ఒకే సాయం చేయకుండా చూసుకోవడానికి దాన్ని వాడారు. ఆ వాడకం సబబుగా ఉంది.

కన్నుతో ఒక పెద్ద ఇబ్బంది ఉంది. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, కన్ను మార్చుకోలేం. బంగ్లాదేశ్‌లోని రోహింగ్యాల వివరాలు, వాళ్లు పారిపోయి వచ్చిన మయన్మార్ ప్రభుత్వానికే చేరాయని, సరైన సమ్మతి లేకుండా ఐరాస శరణార్థి సంస్థ వాటిని పంచుకుందని 2021లో హ్యూమన్ రైట్స్ వాచ్ ఆరోపించింది. శరణార్థి సంస్థ దాన్ని ఒప్పుకోలేదు. ఎవరి మాట నిజమైనా, ఆకలి మీదున్నవాడు ‘నా కన్ను ఇవ్వను’ అనగలడా?

మన రేషన్ షాపుల్లో ‘వేలిముద్ర పడటం లేదు’ అన్న మాట వినని వాళ్లుండరు. నాట్లు వేసి, ఇటుకలు మోసి అరిగిపోయిన వేళ్లను ఈ-పోస్ యంత్రం గుర్తుపట్టదు. అందుకే కనుపాప స్కానర్, ఫోన్‌కు ఓటీపీ లాంటి పక్కదారులు తెరవాల్సి వచ్చింది. 2021 ఆగస్టులో మొదలైన ఈ-రూపీ ఇంకాస్త సులువు. ఎస్సెమ్మెస్‌గానో క్యూఆర్ కోడ్‌గానో ఫోన్‌కు వచ్చే ఒక కూపన్ అది. ఏ పనికి ఇచ్చారో ఆ పనికే, ఒక్కసారే చెల్లుతుంది. బ్యాంకు ఖాతా, స్మార్ట్‌ఫోన్ లేకపోయినా ఫర్వాలేదు.

మీ అపార్ట్‌మెంట్ సంఘమో, పూర్వ విద్యార్థుల బృందమో వరదలప్పుడు బియ్యం, పప్పు కిట్లు పంచుతుంటే ఆధార్ జిరాక్సులు పోగు చేయకండి. కిట్ అందుకుంటున్నప్పుడు ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టకండి. కాపలా అంకె ఉన్న ఒక సంఖ్య, ఇంట్లో ఎందరున్నారన్న లెక్క, ఏ కేంద్రంలో తీసుకోవాలన్న వివరం ఉంటే పంపిణీ సాఫీగా సాగిపోతుంది. పంపిణీ ముగిసి లెక్కలు తేలాక ఆ జాబితాను చెరిపేయండి.