కమ్యూనిటీ ఆస్తమా ఇనీషియేటివ్

కమ్యూనిటీ ఆస్తమా ఇనీషియేటివ్ అనునది అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని బోస్టన్ నగరంలో పేద కుటుంబాల పిల్లల ఉబ్బసాన్ని అదుపులో ఉంచేందుకు బోస్టన్ పిల్లల ఆసుపత్రి 2005లో ప్రారంభించిన కార్యక్రమం. ఇందులో అధికులు నల్లజాతి, హిస్పానిక్ కుటుంబాల పిల్లలు.

ఇంట్లో బొద్దింకలు, ఎలుకలు, బూజు, పొగాకు పొగ ఉన్నంతకాలం మందులు వాడినా ఉబ్బసం తిరగబెడుతుంది. అద్దె ఇళ్ళలో వీటి నివారణ చాలావరకు యజమానిపై ఆధారపడి ఉంటుంది. అందుచేత నర్సులు, ఆరోగ్య కార్యకర్తలు ఇళ్ళకే వెళ్ళి, ప్రతిదినం వాడవలసిన మందుకు, ఆయాసం వచ్చినపుడు వాడే మందుకు గల తేడాను వివరిస్తారు. పరుపులకు, దిండ్లకు ధూళి చొరబడని తొడుగులు ఇస్తారు. పురుగుల నివారణకు తోడ్పడతారు.

283 మంది పిల్లలపై 2012లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం, ఏడాది తరువాత ఉబ్బసంతో ఆసుపత్రిలో చేరవలసి వచ్చిన పిల్లల సంఖ్య సుమారు 85 శాతం తగ్గింది.