వార్తల్లో పదం: ఆస్ఫాల్ట్ ఆర్ట్

తారు రోడ్డు మీద, కూడళ్లలో, జీబ్రా క్రాసింగుల చుట్టూ పెద్ద పెద్ద రంగుల బొమ్మలు వేయడమే ఆస్ఫాల్ట్ ఆర్ట్. అందం ఒక్కటే కాదు, రంగు కనబడగానే డ్రైవరు కాలు బ్రేకు మీదికి పోవాలన్నది అసలు ఉద్దేశం. మలుపులో అనవసరంగా వెడల్పున్న రోడ్డును రంగుతో, చిన్న స్తంభాలతో కుదిస్తారు. దాంతో మనిషి దాటాల్సిన దూరం తగ్గుతుంది.

అమెరికాలో బ్లూమ్‌బర్గ్ ఫిలాంత్రొపీస్ 2022లో వెలువరించిన అధ్యయనం 17 చోట్ల లెక్కలు తీసింది. మొత్తం ప్రమాదాలు 17 శాతం, పాదచారులు, సైకిలిస్టుల వంటివారికి జరిగేవి 50 శాతం తగ్గాయని తేల్చింది. చూసిన చోట్లు తక్కువే లెండి. 2025లో ఫ్లోరిడా మాత్రం ఇలాంటి బొమ్మలను చెరిపించింది.

మన దగ్గర కూడలిలో కళ అంటే విగ్రహమే. రోడ్లు, పేవ్‌మెంట్ల మీద కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని 2013 జనవరి 18న సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. అయినా దిమ్మెలు లేస్తూనే ఉన్నాయి.

ఇక వేగానికి మనకు తెలిసిన మందు స్పీడ్ బ్రేకరు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రకారం అది 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తుతో, గంటకు 25 కిలోమీటర్ల వేగంలో సాఫీగా దాటేలా ఉండాలి. వీధుల్లో కనిపించేది నడుము విరిచే కాంక్రీటు కట్ట!

పెనుబల్లి లాంటి మండల కేంద్రంలో, బడి ముందు వీధిలో పంచాయతీ ఈ రంగుల బొమ్మలు వేయించి చూడొచ్చు. వానలో బైకులు జారకుండా రంగులో ఇసుక కలపాలి. వెలిసిపోతే మళ్లీ వేయడానికి ఏటా ఖర్చూ రాసుకోవాలి.