పాలు, కోడికూర, బర్డ్ ఫ్లూ: కార్మికులు తెలుసుకోవలసిన విషయాలు

ఉమ్మ్ అల్ హస్సామ్ లోను, పక్కనే ఉన్న జుఫైర్, మహూజ్ ప్రాంతాలలోను గదులు పంచుకుని, వంతులవారీగా వంట చేసుకునే కార్మిక సోదరులకు ఈ పేజీలు ఉద్దేశించబడినవి. అమెరికాలో ఆవులకు బర్డ్ ఫ్లూ సోకిందని తెలిసినప్పటి నుండి చాలామందికి ఒకే అనుమానం: "కోళ్ల రోగం ఆవులకు కూడా వచ్చిందంట, ఇక పాలు తాగొచ్చా?"

ముందుగా సమాధానం చెప్పుకుందాం. కోల్డ్ స్టోర్‌లో అమ్మే కంపెనీ పాలు, పెరుగు, లబన్, డబ్బా పాలు, పాలపొడి వాడుకోవచ్చు. కాచని పచ్చిపాలు మాత్రం ఆవువైనా, మేకవైనా, ఒంటెవైనా తాగవద్దు. ఎందుకో కింద వివరించడమైనది.

బర్డ్ ఫ్లూ అంటే ఏమిటి?

ఇది పక్షులకు వచ్చే ఒక రకం ఫ్లూ జ్వరం. దీనికి కారణమైన వైరస్‌లలో ముఖ్యమైనది హెచ్5ఎన్1. వలస వచ్చే నీటిపక్షులు, బాతులు దీనిని ఒక చోటి నుండి మరో చోటికి మోస్తాయి. వాటి రెట్ట, ముక్కు నుండి కారే నీరు తగిలితే కోళ్లకు అంటుకుంటుంది. షెడ్డులో ఒక్క కోడికి వచ్చినా కొద్ది రోజుల్లోనే వందలు, వేలు చచ్చిపోతాయి. భారతదేశంలో ఇది మొదటిసారిగా 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బయటపడింది.

ఆవులకు ఎలా వచ్చింది?

2024 తొలి నెలల్లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో పాడి ఆవులు మేత మానేశాయి, పాలు తగ్గిపోయాయి. కొన్నిటికి పాలు జున్నుపాల మాదిరిగా చిక్కగా, పసుపు రంగులో వచ్చాయి. 2024 మార్చి 25న టెక్సస్, కాన్సాస్ రాష్ట్రాల ఆవులలో హెచ్5ఎన్1 ఉన్నట్లు అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. ఆ తర్వాత అది 15కి పైగా రాష్ట్రాలలో, 1000కి పైగా మందలకు పాకింది. కాలిఫోర్నియాలో ఎక్కువగా వచ్చింది.

ఈ వైరస్ ఆవు పొదుగులో బాగా పెరుగుతుంది. అందువల్ల రోగమొచ్చిన ఆవు పచ్చిపాలలో వైరస్ చాలా ఎక్కువగా ఉంటుంది. ఒక ఆవుకు తగిలించిన పాలు పిండే యంత్రాన్నే మరో ఆవుకు తగిలించడం, రోగం ఉన్న మంద నుండి ఆవులను వేరే చోటికి తరలించడం వల్ల అది వ్యాపించింది. కోళ్లలాగా ఆవులు మందలు మందలుగా చావలేదు. చాలావరకు కొన్ని వారాల్లో కోలుకున్నాయి. ఆ ఫారాలలో పచ్చిపాలు తాగిన పిల్లులు మాత్రం చాలా చనిపోయాయి.

పాలు తాగవచ్చా?

కంపెనీ పాలను 72 డిగ్రీల వేడిలో 15 సెకన్లు, లేదా 63 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచి ప్యాక్ చేస్తారు. దీనినే పాశ్చరైజేషన్ అంటారు. ఆ వేడికి వైరస్ చచ్చిపోతుంది. 2024లో అమెరికా ప్రభుత్వం దుకాణాల నుండి పాల నమూనాలు తీసుకుని పరీక్షించగా, సుమారు 5లో 1 నమూనాలో చచ్చిన వైరస్ తాలూకు ముక్కలు కనిపించాయి. ప్రాణమున్న వైరస్ ఒక్క దానిలోనూ లేదు. "పాలలో బర్డ్ ఫ్లూ దొరికింది" అనే మాట పుట్టింది ఇక్కడి నుండే. సగం మాటే జనంలోకి వెళ్లింది.

మన ఇళ్లల్లో పాలు పొంగు వచ్చేదాకా కాచి తాగడం పాత అలవాటు. ఈ విషయంలో మన అమ్మలు చేసినదే సరైన పని. ఎవరైనా తోట నుండి పచ్చిపాలు తెచ్చిస్తే పొంగు వచ్చేదాకా కాచిన తర్వాతే వాడండి. పచ్చిపాలతో వచ్చే జబ్బు బర్డ్ ఫ్లూ ఒక్కటే కాదు. వారాల తరబడి జ్వరం, కీళ్లనొప్పులు పెట్టే బ్రూసెల్లోసిస్ కూడా పచ్చిపాల ద్వారా వస్తుంది. 2012లో సౌదీ అరేబియాలో మొదట గుర్తించిన మెర్స్ జబ్బుకు ఒంటెలతో సంబంధం ఉంది. కాబట్టి ఎవరైనా ప్రేమగా ఒంటె పచ్చిపాలు ఇచ్చినా మర్యాదగా వద్దని చెప్పండి.

కోడికూర, గుడ్లు తినవచ్చా?

బాగా ఉడికితే తినవచ్చు. 70 డిగ్రీలు దాటిన వేడికి వైరస్ బతకదు, మన కూర ఉడికే వేడి అంతకంటే ఎక్కువ. వండిన కూర కంటే వండక ముందు పచ్చి మాంసంతోనే జాగ్రత్త అవసరం. గదిలో వంట వంతు ఎవరిదైనా ఈ నియమాలు పాటించండి:

1. పచ్చి కోడి కోసిన కత్తి, పలక సబ్బుతో కడగకుండా వాటిపై ఉల్లిపాయలు, టమాటాలు కోయవద్దు.
2. మాంసం పట్టుకున్న చేతులతో కళ్లు, ముక్కు తాకవద్దు. వెంటనే సబ్బుతో కడుక్కోండి.
3. ముక్క లోపల ఎర్రగా ఉంటే ఇంకా ఉడకనివ్వండి. గుడ్డు పచ్చసొన గట్టిపడే వరకు ఉడికించండి.
4. చచ్చిపోయిన, రోగంతో ఉన్న కోడిని చవకగా వస్తుందని కొనవద్దు.

మనుషులకు ప్రమాదం ఎంత?

2003 నుండి 2025 వరకు ప్రపంచంలో 950 మందికి పైగా మనుషులకు హెచ్5ఎన్1 సోకినట్లు నమోదైంది. వారిలో దాదాపు సగం మంది చనిపోయారు. అందువల్ల దీనిని తేలికగా తీసుకోరాదు. అయితే ఇన్నేళ్లలో ఇది మనిషి నుండి మనిషికి వరుసగా పాకే రోగంగా మారలేదు. సోకినవారిలో ఎక్కువమంది రోగమున్న పక్షులను, పశువులను దగ్గరగా తాకినవారే.

అమెరికాలో 2024, 2025 సంవత్సరాలలో సుమారు 70 మందికి ఇది సోకింది. వారిలో ఎక్కువమంది పాడి, కోళ్ల ఫారాలలో పనిచేసే కూలీలు. చాలామందికి కళ్లు ఎర్రబడటం, కొద్దిపాటి జ్వరంతో సరిపోయింది. 2025 జనవరిలో లూసియానాలో చనిపోయిన వ్యక్తికి రోగం వచ్చింది పక్షుల నుండే, ఆవుల నుండి కాదు. అక్కడే మిషిగన్, కొలరాడోలలో 115 మంది పాడి కార్మికుల రక్తం పరీక్షిస్తే 8 మందికి అంతకుముందే ఈ వైరస్ సోకినట్లు తేలింది. వారిలో సగం మందికి తమకు జబ్బు చేసినట్లే గుర్తు లేదు. అంటే ఈ రోగం ముందుగా తగిలేది పాలు కొనేవారికి కాదు, పశువు దగ్గర నిలబడి పనిచేసే మనలాంటి కూలీలకు.

పశువులు, కోళ్ల దగ్గర పనిచేస్తుంటే

తోటల్లో, ఫారాలలో, కోళ్లు కోసే దుకాణాలలో పనిచేసే సోదరులు చేతి తొడుగులు, మాస్కు, కళ్లద్దాలు ఇవ్వమని యజమానిని అడగండి. పాలు పిండేటప్పుడు చింది కంట్లో పడకుండా చూసుకోండి. పని బట్టలు, బూట్లు పడుకునే గదిలోకి తేవద్దు. పక్షులు ఒక్కసారిగా చచ్చినా, ఆవు పాలు రంగు మారినా వట్టి చేతులతో తాకకుండా వెంటనే యజమానికి చెప్పండి.

జ్వరం వస్తే దాచవద్దు

పక్షులను, పశువులను తాకిన 10 రోజుల లోపు జ్వరం, దగ్గు, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే ప్రభుత్వ హెల్త్ సెంటర్‌కు సీపీఆర్ కార్డుతో వెళ్లండి. మీరు చేసే పని ఏమిటో డాక్టరుకు తప్పక చెప్పండి. దీనికి మందు ఉంది, మొదటి రెండు రోజుల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. ఆయాసం వస్తే 999కి ఫోన్ చేయండి.

"సెలవు పెడితే జీతం పోతుంది" అని జ్వరంతోనే పనికి వెళ్లేవారు చాలామంది. బహ్రెయిన్ కార్మిక చట్టం (2012లోని 36వ నంబరు చట్టం) 65వ అధికరణం ప్రకారం మూడు నెలల సర్వీసు పూర్తయినవారికి ఏడాదిలో 15 రోజులు పూర్తి జీతంతో, 20 రోజులు సగం జీతంతో, మరో 20 రోజులు జీతం లేకుండా అనారోగ్య సెలవు ఉంటుంది. డాక్టరు సర్టిఫికెట్ తప్పనిసరి, దాని నకలు మీ దగ్గర ఉంచుకోండి. ఇంటిపనివారికి, యజమాని సొంత తోటలో పనిచేసేవారికి ఈ అధికరణం వర్తించదు కనుక వారు తమ కాంట్రాక్టులో ఏముందో చూసుకోవాలి.

ఊళ్లో ఇంటివారికి ఏం చెప్పాలి?

2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్ల ఫారాలలో బర్డ్ ఫ్లూ వచ్చింది. జనం చికెన్ కొనడం మానేస్తే, భయం పోగొట్టడానికి చికెన్ మేళాలు పెట్టి ఉచితంగా వడ్డించారు. అదే ఏడాది మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల చిన్నారి ఈ రోగంతో మంగళగిరి ఎయిమ్స్‌లో కన్నుమూసింది. ఆ పాప పచ్చి కోడిమాంసం ముక్క నోట్లో పెట్టుకుందని తల్లిదండ్రులు చెప్పారు. ఉడికిన కూరతో ప్రమాదం లేదు, పచ్చి ముక్కతో ఉంది అనే తేడా ఇంటి దగ్గర అందరికీ తెలియాలి.

కావున ఫోన్ చేసినప్పుడు ఈ నాలుగు మాటలు చెప్పండి. చికెన్ కోసేచోట పిల్లలను ఉంచవద్దు. పెరట్లో కోళ్లు చస్తే వండుకోవద్దు, కాలువలో పారేయవద్దు, పశువుల డాక్టరుకు కబురు చేయండి. చచ్చిన కోళ్లను గేదెల కొట్టం దగ్గర పడేయవద్దు. పిల్లలకు పచ్చిపాలు పట్టవద్దు.

ఫోన్‌లో భయపెట్టే కబురు వస్తే ఏ ఊరు, ఏ తేదీ, ఎవరు చెప్పారు అని చూడండి. ఈ మూడూ లేకపోతే ఇంకొకరికి పంపవద్దు. జబ్బు చేసినా ఆస్పత్రికి పంపకపోయినా, సర్టిఫికెట్ ఉన్నా జీతం కోసినా సీఫ్‌లోని భారత రాయబార కార్యాలయంలో లేదా మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. పాస్‌పోర్టు, సీపీఆర్, కాంట్రాక్టు, మెడికల్ సర్టిఫికెట్ నకళ్లు వెంట తీసుకురండి.