ల్యాబ్ పీరియడ్‌లో మీ పిల్లల చేతికి మౌస్ ఎంతసేపు?



అడ్మిషన్ల సమయంలో టీచర్లకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఇది: "మేడమ్, ప్రతి క్లాసులో డిజిటల్ బోర్డు ఉందా? ల్యాబ్‌లో ఎన్ని సిస్టమ్స్ ఉన్నాయి?" అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు స్టాక్ రిజిస్టర్‌లో దొరుకుతుంది. కానీ ఆ సిస్టమ్స్ వల్ల మీ బాబుకో పాపకో ఏం వచ్చిందన్నది ఏ స్టాక్ రిజిస్టర్‌లోనూ ఉండదు. అది తెలియాలంటే ఎవరో ఒకరు ల్యాబ్‌లో వెనక బెంచీ మీద కూర్చుని చూడాలి. స్కూల్లో ఐటీ ప్రోగ్రామ్‌ను పర్యవేక్షించడం, అది ఎలా నడుస్తోందో అంచనా వేయడం అంటే ముఖ్యంగా ఈ పనే. అందులో ఏమేం చూస్తారో, మీరు ఏమేం అడగొచ్చో ఈ నెల చెబుతాను.

డబ్బు ఎక్కువ పెడితే చదువు దానంతట అదే వచ్చేస్తుందని అనుకోవడానికి లేదు. అమెరికాలో లాస్ ఏంజిలెస్ స్కూల్ డిస్ట్రిక్ట్ 2013లో ప్రతి విద్యార్థికీ ఒక ఐప్యాడ్, అందులోనే డిజిటల్ పాఠాలు ఇచ్చే పథకం మొదలుపెట్టింది. స్కూళ్లలో నెట్‌వర్క్ పనులతో కలిపి ఖర్చు సుమారు 130 కోట్ల డాలర్లు అవుతుందని అంచనా. కొద్ది వారాల్లోనే హైస్కూల్ పిల్లలు సెక్యూరిటీ సెట్టింగ్స్ దాటేసి తమకు నచ్చిన సైట్లు చూడటం మొదలుపెట్టారు. (పిల్లలు ఎక్కడైనా పిల్లలే!) తర్వాత బయటి సంస్థ ఒకటి 245 తరగతి గదులకు వెళ్లి చూసింది. అంత డబ్బు పెట్టి కొన్న ఆ పాఠాలను వాడుతున్న టీచర్ ఒక్కరే కనిపించారు. 2014లో ఆ ఒప్పందాన్ని ఆపేశారు. ఈ కథలో నాకు నచ్చింది ఆ 245 గదుల లెక్క. బిల్లులు, డెలివరీ రసీదులు ఎన్ని తిరగేసినా ఈ విషయం బయటపడేది కాదు. గదిలోకి వెళ్లినందుకే తెలిసింది.

ఓఈసీడీ సంస్థ 2015లో ఇచ్చిన నివేదిక కూడా ఇలాంటి మాటే చెప్పింది. స్కూళ్లలో కంప్యూటర్ల మీద భారీగా ఖర్చుపెట్టిన దేశాల్లో పిల్లల రీడింగ్, మ్యాథ్స్, సైన్స్ ఫలితాలు చెప్పుకోదగ్గంతగా మెరుగుపడలేదట. అలాగని కంప్యూటర్లు దండగ అని కాదు. తేడా వచ్చేది వాటిని వాడే పద్ధతిలో.

ఇప్పుడు మన ఇంటి లెక్కలాంటి లెక్క ఒకటి వేద్దాం. ల్యాబ్ పీరియడ్ 40 నిమిషాలు అనుకోండి. పిల్లలు లైన్‌లో వచ్చి, షూస్ విప్పి కూర్చోవడానికి 7 నిమిషాలు. సిస్టమ్ ఆన్ అయి లాగిన్ అయ్యేసరికి 5. టీచర్ పాఠం చెప్పేది 8. చివర్లో షట్‌డౌన్, మళ్లీ షూస్, లైన్... 4. మిగిలింది 16 నిమిషాలు. సిస్టమ్‌కు ఇద్దరు కూర్చుంటే ఒక్కొక్కరికి 8. వారానికి ఒక్క పీరియడ్ చొప్పున 30 వారాలు జరిగితే, ఏడాది మొత్తం మీద ఒక విద్యార్థి చేతికి మౌస్ దొరికేది 240 నిమిషాలు. అంటే 4 గంటలు!

అవే సిస్టమ్స్, అదే టీచర్. టైమ్‌టేబుల్‌లో వారానికో పీరియడ్ బదులు రెండు వారాలకోసారి రెండు పీరియడ్లు కలిపి ఇచ్చి చూడండి. 80 నిమిషాల్లో ఆ 24 నిమిషాలు ఒక్కసారే పోతాయి. మిగిలిన 56లో ఒక్కొక్కరికి 28. అలాంటివి 15 క్లాసులు జరిగితే 420 నిమిషాలు, అంటే 7 గంటలు. ఒక్క రూపాయి ఖర్చు లేదు. రెండు వారాల గ్యాప్‌లో చిన్న పిల్లలు నేర్చుకున్నది మర్చిపోతారు కాబట్టి నాలుగో తరగతి లోపు వాళ్లకు ఇది అంతగా కుదరదు. ఆరో తరగతి నుంచి మాత్రం తప్పకుండా ఆలోచించాల్సిన మార్పు అని నా అభిప్రాయం. ఐటీ ప్రోగ్రామ్‌ను సమీక్షించేవాళ్లు చేతిలో వాచీ పెట్టుకుని కూర్చుంటే ఇలాంటివి దొరుకుతాయి.

ఇద్దరికీ చెరి 8 నిమిషాలు అన్నాను. నిజానికి మౌస్ ఎప్పుడూ సమానంగా చేతులు మారదు. చొరవ ఉన్న పిల్లవాడు పట్టుకుంటాడు, పక్కనున్న పాప రికార్డులో రాసుకుంటూ ఉంటుంది. రాయలేక కాదు, అడగలేక. గ్రామీణ ప్రాంతాల పిల్లలపై చేసిన అసర్ 2024 సర్వేలో ఫోన్‌తో చేసే పనుల్లో దేశం మొత్తం మీద అబ్బాయిలు ముందున్నారు. కానీ ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, కేరళల్లో అమ్మాయిలు వాళ్లతో సమానంగానో, ఇంకా మెరుగ్గానో చేశారు. కాబట్టి మన పాపలకు రాదనే మాటే లేదు. సగం టైమ్ అవగానే టీచర్ బెల్ కొట్టి సీట్లు మార్పిస్తే చాలు. "ఈరోజు మౌస్ నువ్వు పట్టుకున్నావా?" అని ఇంట్లో మీరూ అడగండి.

అదే సర్వేలో 14 నుంచి 16 ఏళ్ల వాళ్లలో 82 శాతం మందికి పైగా స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చని చెప్పారు. సర్వేకు ముందు వారంలో చదువుకోసం వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడినవాళ్లు 76 శాతం. "మావాడికి ఫోన్‌లో అన్నీ తెలుసు మేడమ్" అని మురిపెంగా చెప్పే అమ్మానాన్నలకు ఈ రెండు అంకెల మధ్య తేడా చూపించాలనిపిస్తుంది.

మరి పిల్లలకు ఏం వచ్చిందో తెలుసుకునేది ఎలా? కంప్యూటర్ రికార్డు చూస్తే తెలియదు, అది బోర్డు మీదది ఎక్కించుకున్నదే. జిరాక్స్ షాపులో చేయించి, స్పైరల్ బైండింగ్ కొట్టించి తెచ్చిన ప్రాజెక్టు చూస్తే అసలే తెలియదు. దానికి మార్కులు వేస్తే షాపాయనకు వేసినట్టే. సీబీఎస్ఈ 9, 10 తరగతుల ఐటీ సబ్జెక్టులో 100 మార్కులకు 50 ప్రాక్టికల్‌కే ఉన్నాయంటే అందుకే. మిగతా తరగతుల్లోనూ టర్మ్‌కు ఒకసారి, ముందు చెప్పని చిన్న పని ఒకటి, ఒక్కో సిస్టమ్ దగ్గర ఒక్కరే కూర్చుని చేసేలా పెట్టాలి.

ఏడో తరగతికి నెల కిరాణా లిస్టు ఇచ్చి స్ప్రెడ్‌షీట్‌లో వేయమనండి. చాలామంది చక్కగా రంగులద్ది, బార్డర్లు పెట్టి, మొత్తం మాత్రం చేత్తో కూడి టైప్ చేస్తారు. ఇప్పుడు కందిపప్పు ధర మార్చమనండి. ఫార్ములా వేసిన వాళ్ల షీట్‌లో మొత్తం దానంతట అదే మారుతుంది, టైప్ చేసిన వాళ్లది అలాగే ఉండిపోతుంది. ఎవరికి వచ్చో, ఎవరికి రాదో తెలియడానికి ఇంతకన్నా క్వశ్చన్ పేపర్ అక్కర్లేదు. నాలుగో తరగతికైతే పోయిన వారం సేవ్ చేసిన ఫైల్ వెతికి తెరవమంటే చాలు. కంప్యూటర్ రాని తల్లిదండ్రులు కూడా ఈ రెండూ ఇంట్లో చేయించి చూడొచ్చు.

సిస్టమ్స్ విషయంలో ఒకే మాట. ఎన్ని ఉన్నాయని కాకుండా ఈరోజు ఎన్ని పనిచేస్తున్నాయని అడగండి. కంప్లయింట్ రిజిస్టర్‌లో రెండు తేదీలు ఉండాలి: పాడైనది ఎప్పుడు, బాగుచేసింది ఎప్పుడు. ఆ రెండింటి మధ్య ఎన్ని రోజులున్నాయో అదే మెయింటెనెన్స్ రిపోర్ట్.

సమీక్ష ఎవరు చేయాలన్నది కూడా ముఖ్యమే. సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీ పంపే రిపోర్టులో లాగిన్లు ఎన్నో ఉంటాయి, నేర్చుకున్నది ఎంతో ఉండదు. కంప్యూటర్ టీచర్ ఒక్కరినే అడిగితే ఆయన మాత్రం తన పని బాగాలేదని ఎందుకంటారు? వేరే సబ్జెక్టు టీచర్ ఒకరు, వీలైతే పేరెంట్స్ నుంచి ఒకరు, ఏడాదికి రెండుసార్లు ల్యాబ్‌లో కూర్చోవాలి. నేను ఇంగ్లిష్ టీచర్‌ని కాబట్టి డిజిటల్ బోర్డు దగ్గర ఒకటి గమనిస్తాను. దాని మీద టెక్స్ట్‌బుక్ పీడీఎఫ్ పెట్టి చదివిస్తుంటే అది ఖరీదైన నల్లబల్లే. ఒక మాట ఉచ్చారణ వినిపించి, ఆపి, పిల్లలతో పలికించి, మళ్లీ వినిపిస్తే అది నల్లబల్ల చేయలేని పని.

ఇక పిల్లల వివరాల సంగతి. మార్కులు, ఫొటోలు, బస్సు ఎక్కడుందో చూపే లొకేషన్... ఇవన్నీ యాప్‌లలోనే ఉంటున్నాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది. వాళ్ల డేటా వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది, వాళ్లకు గురిపెట్టిన ప్రకటనలు చూపకూడదంటుంది. స్కూళ్లకు చదువు, భద్రత అవసరాల మేరకు కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అయినా ఏ యాప్‌లో ఏ వివరాలు ఉన్నాయి, టీసీ తీసుకుని వెళ్లిపోయిన పిల్లల వివరాలు ఎప్పుడు తీసేస్తారు అని అడగడానికి మీరు మొహమాటపడనక్కర్లేదు.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం చేశాక ఒక్క ఐదు నిమిషాలు ల్యాబ్ వైపు రండి. మీ పాప పోయిన వారం సేవ్ చేసిన ఫైల్ తనచేతే తెరిపించి చూడండి.