లాప్‌టాపుకు జ్వరం వస్తే

మా వూళ్ళో వేసవి ప్రవేశించిందని తెలుసుకోవడానికి నేను పంచాంగం చూడను. మార్చి నెలాఖరు వచ్చేసరికి నా మరమ్మతు బల్ల మీద లాప్‌టాపులు బారులు తీరుతాయి. తెచ్చినవారు చెప్పే మాట దాదాపు ఒక్కటే: "పట్టుకుంటే చెయ్యి కాలుతోందండీ! ఫాను రైలింజనులా రొద పెడుతోంది. పని మాత్రం నత్తనడక." ఆ వెంటనే రెండో మాట: "కొత్తది కొనుక్కోమంటారా?"

యీ రెండో ప్రశ్నే అసలు ప్రశ్న. మధ్యతరగతి యింట్లో కొత్త లాప్‌టాపంటే చిన్న సంగతి కాదు గదా. అది పిల్లవాడి కాలేజీ ఫీజుతోనూ, యింటి అద్దెతోనూ, అమ్మాయి కోసం కడుతున్న చీటీతోనూ పోటీ పడి గెలవాలి. నేను చూసినంతవరకు, "యిక యిది పనికిరాదు" అనిపించుకున్న యంత్రాలలో చాలావాటికి కావలసింది గంటసేపు శుభ్రం చెయ్యడమూ, ఒక చిన్న భాగం మార్చడమూ మాత్రమే. మరికొన్నిటి మీద పెట్టే ఖర్చు మాత్రం బూడిదలో పోసిన పన్నీరే. ఏది ఏ కోవకు చెందుతుందో మీరు యింట్లో కూర్చునే చాలావరకు తేల్చుకోవచ్చు. అందుకు కావలసిన నాలుగు సంగతులు మనవి చేస్తాను.

వేడి ఎక్కడ పుడుతుంది?

లాప్‌టాపులో లెక్కలన్నీ చేసేది ప్రాసెసరనే చిప్పు. అది గోరంత జాగాలో 15 వాట్లు మొదలు 45 వాట్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి కూడా, విద్యుత్తును మింగి యించుమించు అంతా వేడిగా వదులుతుంది. పూర్వం వరండాలో వెలిగే 40 వాట్ల బల్బును ఒట్టి చేత్తో ముట్టుకోగలిగేవాళ్ళమా? ఆ వేడిని రెండంగుళాలైనా మందం లేని పెట్టెలోంచి బయటికి సాగనంపాలి.

అందుకు చేసిన యేర్పాటు ముచ్చటైనది. చిప్పు మీద ఆనించి ఒక చదునైన రాగి గొట్టం వుంటుంది. లోపల గాలి తీసేసి, కొద్ది చుక్కల నీరు పోసి మూసేస్తారు. చిప్పు దగ్గర వేడికి ఆ నీరు ఆవిరై రెండో కొసకు పరుగెత్తుతుంది. అక్కడ పలచని లోహపు రెక్కలూ, వాటి మీదికి వూదే ఫానూ వుంటాయి. అన్నం గిన్నె మూతకు ఆవిరి తగిలి చుక్కలు కట్టినట్లే, అక్కడ ఆవిరి మళ్ళీ నీరవుతుంది. దీపపు వత్తి నూనెను లాక్కున్నట్లు, గొట్టం లోపలి గరుకు పొర ఆ నీటిని వెనక్కి చిప్పు దగ్గరికి లాక్కువస్తుంది. 1963లో అమెరికాలో, లాస్ అలమాస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ అనే శాస్త్రజ్ఞుడు యిటువంటి గొట్టాలను చేసి పరీక్షించాడు. అంతరిక్ష పరికరాలకు పనికివచ్చిన ఆ వుపాయమే యిప్పుడు మీ అబ్బాయి ఒళ్ళో వుంది.

యింత చేసినా వేడి పోకపోతే ప్రాసెసరు తన ప్రాణం తాను కాపాడుకుంటుంది. చాలా యింటెల్ ప్రాసెసర్లకు హద్దు 100 డిగ్రీలు. ఆ గీత దగ్గరికి రాగానే తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అప్పటికీ తగ్గకపోతే యంత్రం హఠాత్తుగా ఆరిపోతుంది. అంచేత "వేడెక్కుతోంది", "మెల్లగా నడుస్తోంది" అనేవి తరచు రెండు జబ్బులు కావు, ఒకే జబ్బుకు రెండు లక్షణాలు.

మరొక్క మాట. గదిలోని గాలికంటె చల్లగా చెయ్యగల ఫాను లేదు. 25 డిగ్రీల గదిలో 75 దగ్గర నిలబడిన చిప్పు, 44 డిగ్రీల మధ్యాహ్నం రెంటచింతలలోనో రామగుండంలోనో అదే పని చేస్తే 94 దగ్గరకు పోతుంది. శీతాకాలంలో దాగివున్న లోపం మేనెలలో బయటపడడానికి యిదే కారణం.

ముందు నాడి చూడండి

స్క్రూడ్రైవరు పట్టుకునే ముందు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. యే పనీ చెయ్యకుండా అయిదు నిమిషాలు వూరుకుని చూడండి.

ప్రాసెసరు అంకె వూరికే కూర్చున్నా 40, 50 శాతం చూపిస్తున్నదా? అయితే జబ్బు లోహంలో లేదు, లోపల నడిచే ప్రోగ్రాములో వుంది. ఆ పట్టికలో పైన యెవరి పేరు వుందో వారే దోషి. మా వీధిలో ఒక విశ్రాంత హెడ్మాస్టరుగారు రెండు వైరసు నివారిణులను ఒకేసారి పెట్టించుకున్నారు. అవి రెండూ ప్రతి ఫైలునూ చెరొకసారి సోదా చేస్తూ, రాత్రింబవళ్ళు యంత్రాన్ని నిద్రపోనివ్వలేదు. ఒకదాన్ని తీసేశాను. మరునాడు ఆయన వచ్చి, "ఏమయ్యా, ఫాను పాడుచేశావా? శబ్దమే లేదు!" అన్నారు.

ప్రాసెసరు ఖాళీగా వుండి కూడా యంత్రం సెగలు కక్కుతున్నదా? అప్పుడు గాలి దారి మూసుకుపోయిందన్నమాట. హెచ్‌డబ్ల్యు‌ఇన్ఫో, కోర్ టెంప్ వంటి వుచిత ప్రోగ్రాములు లోపలి డిగ్రీలు చూపిస్తాయి. ఖాళీగా వున్నప్పుడు 40, 50 మధ్యా, గట్టి పనిలో 80 నుంచి 90 లోపలా వుంటే బెంగ లేదు. ఖాళీగానే 65, 70 దాటితే చికిత్స కావాలి.

వేడేమీ లేదుగాని, డిస్కు అంకె 100 శాతం దగ్గర అతుక్కుపోయి, ఫైలు తెరవడానికి కాఫీ తాగి వచ్చేంత సేపు పడుతున్నదా? అది పాత హార్డు డిస్కు సంగతి. జ్ఞాపకశక్తి, అంటే ర్యామ్, 90 శాతం దాటి వుంటున్నదా? అది జాగా చాలని సంగతి. యీ రెండిటికీ మందులు వేరు, వాటి సంగతి తరువాత చెబుతాను.

దుమ్ము చేసే మోసం

క్రితం వేసవిలో ఒక తండ్రీ కూతురూ వచ్చారు. అమ్మాయి ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం. ప్రాజెక్టు అప్పగించడానికి పన్నెండు రోజుల గడువుంది. నాలుగేళ్ళ లాప్‌టాపు, అరగంట నడిచి ఆరిపోతోంది. అంతకుముందు చూపించిన దుకాణంలో "మదర్‌బోర్డు పోయింది, కొత్తది తీసుకోండి" అన్నారట. తండ్రి జేబులో బాంకు అప్పు దరఖాస్తు వుంది. "మీరూ ఒకసారి చూసి చెప్పండి బాబూ, ఆ మాటే అయితే యీ మధ్యాహ్నమే సంతకం పెట్టేస్తాను" అన్నాడాయన.

కొలిచి చూశాను. ఖాళీగా 68 డిగ్రీలు. పని అప్పగించగానే రెండు నిమిషాలలో 99. అడుగు మూత విప్పితే, ఫానుకూ రెక్కలకూ మధ్య దుప్పటి ముక్కలాంటి దుమ్ము పొర! హాస్టలు మంచం మీద, పరుపులో కూరుకునేట్టు పెట్టి నాలుగేళ్ళు చదివిందట. చిప్పుకూ రాగికీ మధ్య వుండే వెన్నలాంటి లేపనం ఎండి సున్నపు పెచ్చులా వూడిపోయింది. ఆ లేపనం పని చిన్నదేమీ కాదు. కంటికి నున్నగా కనబడే రెండు లోహపు ముఖాల మధ్యా సూక్ష్మమైన గుంటలుంటాయి. వాటిలో గాలి నిలిస్తే వేడి దాటదు. లేపనం ఆ గుంటలను నింపుతుంది.

బాటరీ తీగ వూడదీసి, దుమ్ము తీసి, పాత లేపనాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, బియ్యపుగింజ పరిమాణంలో కొత్తది పెట్టి బిగించాను. ఖాళీగా 49, గట్టి పనిలో 84. సాయంత్రందాకా నడిపినా ఆరలేదు. తండ్రి ఆ దరఖాస్తును నాలుగు మడతలు పెట్టి తిరిగి జేబులో పెట్టుకున్నాడు. అమ్మాయి ప్రాజెక్టు గడువులోపలే అప్పగించింది.

యీ పని యింట్లో చేసుకోదలచినవారికి మూడు జాగ్రత్తలు. మొదట ముఖ్యమైన ఫైళ్ళు వేరేచోట నకలు తీసుకోండి. రెండు, యంత్రం ఆర్పి, చార్జరు తీసి, బాటరీ తీగ విడదీసిన తరువాతనే లోపల చెయ్యి పెట్టండి. మూడు, గాలి వూదేటప్పుడు ఫాను రెక్కను ఒక పుల్లతో ఆపి పట్టుకోండి. లేకపోతే అది హద్దు మీరి తిరిగి పాడవుతుంది. గారంటీ గడువు యింకా వుంటే మాత్రం మూత జోలికి పోకుండా కంపెనీవారి సేవాకేంద్రానికే తీసుకుపోండి.

మూత విప్పకుండా చెయ్యగలిగినవీ వున్నాయి. పరుపు మీదా దిండు మీదా పెట్టవద్దు, బల్ల మీద పెట్టండి. వెనుక భాగం కింద రెండు సీసా మూతలు పెట్టి ఒక అంగుళం ఎత్తితే గాలి దారి తెరుచుకుంటుంది. పవర్ ఆప్షన్లలో ప్రాసెసరు గరిష్ఠ స్థితిని 100కు బదులు 99 శాతం చేస్తే, చాలా యంత్రాలలో అదనపు పరుగు ఆగి వేడి తగ్గుతుంది. ఒళ్ళో పెట్టుకోవడం మానండి. 2010లో స్విట్జర్లాండు వైద్యులు ఒక పన్నెండేళ్ళ పిల్లవాడి తొడ మీద లాప్‌టాపు సెగకు చర్మం మచ్చలు పడిన వైనాన్ని వైద్య పత్రికలో ప్రకటించారు.

బాటరీ ఉబ్బితే

యిది మాత్రం తేలికగా తీసుకోవలసిన విషయం కాదు. వేడికి లిథియం బాటరీ త్వరగా ముసలిదవుతుంది. లోపలి ద్రవం విడిపోయి వాయువు పుట్టి దిండులా ఉబ్బుతుంది. మీటలపలక మధ్య పైకి లేచినా, మూత సరిగా మూసుకోకపోయినా, బల్ల మీద యంత్రం వూగుతున్నా అనుమానించండి. వెంటనే ఆర్పివేయండి, చార్జరు పెట్టకండి, సూదితో పొడవడం, నొక్కడం వంటి సాహసాలు చెయ్యకండి. నిప్పంటుకుంటే ఆర్పడం కష్టం. తెలిసినవారిచేత తీయించి, యింటి చెత్తలో పడెయ్యకుండా తీసుకునే కేంద్రానికి అప్పగించండి. బాటరీల వ్యర్థాలను తయారీదారులు తిరిగి సేకరించాలని 2022లో వచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. రోజంతా చార్జరు మీదనే వుండే యంత్రమైతే, చార్జింగును 80 శాతం దగ్గర ఆపే సదుపాయం చాలా కంపెనీలు యిస్తున్నాయి. దాన్ని వాడుకోండి.

ఏది మార్చగలం, ఏది మార్చలేం?

ముందు వైద్యం, తరువాత టానిక్కు. వేడి తగ్గకుండా కొత్త భాగాలు పెడితే ఫలితం కనబడదు. యెక్కువ ర్యామ్ పెట్టినంత మాత్రాన యంత్రం చల్లబడదు కూడా.

వేడి కుదిరాక మొదటి ఖర్చు ఎస్.ఎస్.డి. మీదనే పెట్టండి. పాత హార్డు డిస్కు గ్రామఫోను ప్లేటు వంటిది. నిమిషానికి 5,400 సార్లు తిరిగే పళ్ళెం మీద చిన్న ముల్లు అటూయిటూ వెతుక్కుంటుంది. సెకనుకు యించుమించు 100 మెగాబైట్లు చదివితే గొప్ప. సామాన్యమైన సాటా ఎస్.ఎస్.డి.లో తిరిగేదేమీ లేదు, సెకనుకు 500 మెగాబైట్లు చదువుతుంది. ఎన్‌విఎమ్ఇ రకమైతే వేలల్లోనే చదువుతుంది. యీ రెండో రకం 22 మిల్లీమీటర్ల వెడల్పూ 80 మిల్లీమీటర్ల పొడవూ వుండే పలకగా వస్తుంది. అదే ఆకారంలో సాటా పలకలు కూడా వున్నాయి. కనక మీ యంత్రం దేన్ని తీసుకుంటుందో మోడలు నెంబరుతో కనుక్కున్న తరువాతే కొనండి.

రెండో ఖర్చు ర్యామ్. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పుటలో ఎన్ని గూళ్ళున్నాయో, ఎన్ని నిండాయో కనబడుతుంది. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని గూట్లో ఒకటి పట్టవు. గాటు వున్న చోటే వేరు. ఉత్తరాలూ, ఆన్‌లైన్ పాఠాలూ, లెక్కల పట్టికలూ చూసుకునే యింటికి 8 గిగాబైట్లు సరిపోతాయి. ఇంజనీరింగు విద్యార్థికి 16 వుంటే మంచిది. పలచని యంత్రాలు చాలావాటిలో ర్యామ్ బోర్డుకే అతికివుంటుంది. అటువంటివి కొనేనాడే చాలినంత కొనుక్కోవాలి. 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. కాబట్టి నిరుటి ధర మనసులో పెట్టుకోకుండా, కొనేరోజున రెండు మూడు చోట్ల అడగండి.

ప్రాసెసరునూ, గ్రాఫిక్సు చిప్పునూ యిప్పటి లాప్‌టాపులలో మార్చలేము. అవి బోర్డుకు అతికివుంటాయి. అక్కడే ఆశకు హద్దు. విండోస్ 10కు మామూలు సహాయం 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11 యింటెల్‌లో యెనిమిదవ తరానికి ముందున్న ప్రాసెసర్లను, బహుకొద్ది మినహాయింపులతో, అంగీకరించదు. అంతకు పాతదాని మీద పెద్ద ఖర్చు పెట్టకండి. లైనెక్సు వేసుకుని చదువుకూ రాతకూ వాడుకోండి.

నేను అందరికీ చెప్పే లెక్క యిది. మొత్తం మరమ్మతు ఖర్చు, అటువంటి కొత్త యంత్రం ధరలో మూడోవంతు లోపల వుండి, ప్రాసెసరు విండోస్ 11కు తగినదైతే బాగుచేయించండి. బోర్డే నిజంగా కాలిపోయినా, తెరా బాటరీ బోర్డూ కలిసి మొరాయించినా కొత్తదానికి పొండి. "బోర్డు పోయింది" అని ఎవరన్నా అంటే, డిగ్రీలు ఎన్ని వచ్చాయో, మూత విప్పి చూశారో లేదో మర్యాదగానే అడగండి. జవాబు చెప్పగలవాడు నిజంగా చూసినవాడు.

చివరగా, ఎస్.ఎస్.డి. వేయించుకున్నప్పుడు తీసిన పాత హార్డు డిస్కును దుకాణంలో వదిలిపెట్టి రాకండి. అది బాగున్నదైతే, యు.ఎస్.బి. తీగ వున్న చిన్న డబ్బాలో బిగించి యింటి ఫోటోలకు రెండో నకలుగా దాచుకోవచ్చు. పాడైనదైతే, అందులో మీ బాంకు కాగితాలూ ఆధారు నకళ్ళూ వుంటాయి కనక, పూర్తిగా పనికిరాకుండా చేయించిన తరువాతనే పాత సామాను వారికివ్వండి.