కవనమూ, కాయబలమూ

దుఃఖమును మాటలలో పెట్టినవానికి గుండెబరువు తగ్గునని మన పెద్దలెరుగుదురు. ఆ మాటలు నెత్తురులోని రోగనిరోధక శక్తిని కూడ తాకునా?

మహబూబాబాద్ జిల్లా చినగూడూరున 1925లో జన్మించిన దాశరథి కృష్ణమాచార్యులు నిజాం పాలన చివరి దినములలో నిజామాబాదు జైలులో బందీ అయిరి. అక్కడ బొగ్గుతో గోడమీద పద్యములు వ్రాసిరి. ఆ పద్యములు వారి దేహమునకేమి చేసినవో కొలిచినవారు లేరు. కొలువకయే మేలు జరిగినదని చెప్పుట కవికిని, శాస్త్రమునకును అన్యాయమే.

కొలిచిన ప్రయత్నములు వేరే కలవు. 1988లో అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్, ఆయన సహచరులు 50 మంది విద్యార్థులచేత వరుసగా నాలుగు రోజులు, దినమునకు 20 నిమిషములు వ్రాయించిరి. ఒక జట్టు తన మనసు గాయములను, రెండవ జట్టు సామాన్య విషయములను వ్రాసినది. గాయములు వ్రాసినవారి రక్తములోని లింఫోసైటులనెడి తెల్లకణములు పరీక్షలో మరింత చురుకుగా వృద్ధిపొందినవి. 1995లో న్యూజిలాండులో 40 మంది వైద్యవిద్యార్థులచేత హెపటైటిస్-బి టీకాకు ముందు ఇట్లే వ్రాయింపగా, బాధను వ్రాసినవారిలో యాంటీబాడీలు అధికముగా కానవచ్చినవి.

కారణము ఊహింపదగినదే. ఎడతెగని మనోవ్యథలో అడ్రినల్ గ్రంథులు స్రవించు కార్టిసాల్ ఈ రక్షకకణముల పనిని అణచును. లోన కుక్కుకొన్న బాధకు మాట దొరికిన, ఆ ఒత్తిడి కొంత సడలవచ్చును.

అంతమాత్రమున కవిత్వమే ఔషధమని చాటరాదు. 2006లో 146 పరిశోధనలను కలిపి చూడగా, ఇట్టి వ్రాతవలన కలుగు సగటు మేలు స్వల్పమేనని తేలినది. న్యూజిలాండులోను వ్రాత టీకాకు తోడైనదే గాని, టీకాకు బదులు కాలేదు. జ్వరము వచ్చిన బిడ్డకు వైద్యుడే కావలెను.

అయినను స్వల్పమైన మేలు మేలు కాకపోదు. ఆ విద్యార్థులెవరును కవులు కారు. ఛందస్సు, అలంకారము వారినెవరును అడుగలేదు. పోతనను తనవాడని చెప్పుకొను జనగామలోను, దాశరథి పుట్టిన మహబూబాబాద్‌లోను, బొగ్గుగనుల భూపాలపల్లిలోను పాఠములు చెప్పు ఉపాధ్యాయులు ఇంతమాత్రము చేయవచ్చును: వ్యాసరచన గంటలో ఒక్క పుటను ఎఱ్ఱసిరా తాకకుండ విడువవలెను. ఇష్టమున్న బిడ్డ వ్రాయును, లేనివానిని బలవంతపెట్టరాదు. ఆ పుటకు మార్కులు లేవు. తరగతిలో చదివి వినిపింపనక్కరలేదు. బిడ్డ తానుగా తెచ్చి చూపినప్పుడు మాత్రము, తప్పులు దిద్దుటకు ముందు అందులోని బాధను చదువవలెను.