బొంత మీద చుక్క పొడిచింది

నరసాపురం మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి వైపు దాటేవాళ్లలో చాలామందికి తెలియకపోవచ్చు గానీ, ఆ రేవు పేరుతో ప్రపంచంలో ఒక గుడ్డ చలామణిలో ఉంది. దాన్ని మడపోలం అంటారు. తెల్లగా, మెత్తగా, పడుగూ పేకా సమానంగా ఉండి సూదికి అడ్డం తిరగని నూలుబట్ట. ఇంగ్లండులో, ఫ్రాన్సులో ఎంబ్రాయిడరీ చేసేవాళ్లు ఈనాటికీ ఆ పేరు చెప్పే కొనుక్కుంటారు. ఈస్టిండియా కంపెనీకి గోదావరి డెల్టాలో మూడు వర్తక స్థావరాలు ఉండేవి: ఇంజరం, బెండమూర్లంక, మాధవాయిపాలెం. ఆ పక్కన పాలకొల్లులో డచ్చివాళ్లు, యానాంలో ఫ్రెంచివాళ్లు. ఇంతమంది సముద్రాలు దాటి ఈ లంకల్లోకి వచ్చింది ముఖ్యంగా మన మగ్గాల మీంచి దిగే బట్ట కోసం.

1833 చార్టర్ చట్టంతో కంపెనీ వ్యాపారం మూతబడింది. ఆ తర్వాత మాంచెస్టరు మిల్లులు అదే రకం బట్టను మరమగ్గాల మీద నేసి, అదే పేరు పెట్టి, మన దేశానికే ఎగుమతి చేశాయి. పేరు మన రేవుది, లాభం వాళ్లది.

ఇదంతా ఎత్తుకోవడానికి కారణం ఉంది. రకరకాల పూల గుడ్డల్ని కోసి, నక్షత్రాలుగా అతికి దుప్పట్లు కుట్టడం మన అమ్మాయిలు ఇప్పుడు ఫోనులో చూసి నేర్చుకుంటున్నారు. అదేదో అమెరికా విద్య అనుకుని, సామాన్లు కూడా అక్కడివే తెప్పించుకుంటున్నారు. నేర్చుకోవడం మంచిదే. కాకపోతే ఆ విద్యలో సగం మన తీరం నుంచి వెళ్లింది, మిగతా సగం మన అమ్మమ్మల చేతిలోనే ఉంది.

నిషేధంతో పెరిగిన మోజు

మచిలీపట్నం తీరం నుంచి వెళ్లిన అద్దకం బట్టను చూసి 17వ శతాబ్దపు యూరపు ఆడవాళ్లు మురిసిపోయారు. ఎన్నిసార్లు ఉతికినా రంగు వెలవకపోవడం వాళ్లకు వింత. కరక్కాయ నీళ్లలో నానబెట్టి, పటిక పట్టించి, చిరివేరుతో ఎరుపు తేలేదాకా ఉడికించే ఆ పద్ధతి అక్కడి వాళ్లకు అప్పటికి అంతుపట్టలేదు. అద్దకం విద్య పెడనలో ఇప్పటికీ బతికే ఉంది. మన పెద్దవాళ్లు చీటిగుడ్డ అనే రకం ఆ దారిలోదే.

మోజు ముదిరేసరికి అక్కడి పట్టు, ఉన్ని నేతగాళ్లు గోల పెట్టారు. ఫ్రాన్సు 1686లో అద్దకం నూలుబట్టలను నిషేధించి 1759 దాకా సడలించలేదు. ఇంగ్లండు 1721లో చేసిన చట్టం ఇంకా కఠినం. అద్దకం నూలుబట్ట ఒంటిమీద కట్టకూడదు సరే, మంచం మీద పరచకూడదు, కుర్చీకి తొడగకూడదు. ఆ చట్టం 1774 దాకా నడిచింది. కరువైన గుడ్డ మీదే కదా మోజు ఎక్కువ! అప్పటికే ఇంట్లో ఉన్న చీటిగుడ్డ చిరిగితే పారేయడానికి ఎవరికి మనసొప్పుతుంది? అరచేయంత పీలిక కూడా దాచుకునే రోజులవి. ఇంగ్లండులోని లెవెన్స్ హాల్ అనే భవనంలో ఒక అతుకుల దుప్పటి ఉంది. ఆ 1721 చట్టానికి ముందుదే, 1708 ప్రాంతానిదని చెబుతారు. ఆ ముక్కలన్నీ భారతదేశపు అద్దకం బట్టలే.

తేదీ వివాదం లేకుండా తెలిసినది ఇంకొకటి ఉంది, అది పట్టుది. దాన్ని కుట్టిన చేయి ‘ఇ.హెచ్.’ అన్న పొడి అక్షరాలతో పాటు 1718 అని సంవత్సరం కూడా గుడ్డలోనే అతికింది. కాగితం ముక్కల మీదకు గుడ్డ మడిచి కుట్టడం ఆనాటి పద్ధతి. ఆ కాగితాలు లోపల ఇంకా ఉన్నాయి. ఎవరో ఒకరు రెండక్షరాలు, నాలుగంకెలు కుట్టబట్టి, మూడు వందల ఏళ్ల తర్వాత కూడా దాని గురించి మాట్లాడుకోగలుగుతున్నాం.

రెండు చీరల లెక్క

మన బొంత దగ్గరకొద్దాం. ఐదున్నర మీటర్ల చీరను మూడు మడతలు పెడితే ఆరడుగుల పొడవు, నాలుగడుగులకు కాస్త తక్కువ వెడల్పు వస్తుంది. అంటే సరిగ్గా ఒక మంచం కొలత. రెండు చీరలు పరిస్తే ఆరు పొరలు. పైనా కిందా గట్టి చీర, లోపల నలిగిపోయిన చీర. అంగుళం ఎడంలో వరసగా కుట్టు. కత్తిరింపు లేదు, వృథా లేదు. చిరిగిన చోట ఇంకో ముక్క పడుతుంది, ఆ అతుకు పాతబడితే దాని మీద మరొకటి. చీర అంచు నేత గట్టిది కాబట్టి దాన్ని జాగ్రత్తగా విప్పదీసి చుట్టూ పట్టీ వేసేవాళ్లు. “ఒసేయ్, అంచు చింపకే, బొంతకు అదే కదా బలం” అన్న కేక మా ఇంట్లో నాకు బాగా గుర్తు.

డెల్టా వాతావరణానికి అంతకు మించిన పడక లేదు. శ్రావణంలో ముసురు పట్టినప్పుడు దూది పరుపు తడిస్తే వారం దాకా ఆరదు, ముక్కవాసన వేస్తుంది. బొంతయితే దండెం మీద వేస్తే కాస్త ఎండ పొడ తగిలినా చాలు. ఎండాకాలం నులకమంచం మీద పరుపు, ధనుర్మాసంలో దుప్పటి, బాలింత ఇంట్లో పసిగుడ్డుకు పక్కబట్ట. వందసార్లు ఉతికిన నూలుచీర మెత్తదనం కొత్త గుడ్డకు ఏ రకంగానూ రాదు.

మరి ఎందుకు పోయింది? చలికి షోలాపూర్ దుప్పట్లు, రగ్గులు వచ్చాయి, పక్క కిందికి ఫోమ్ పరుపులు వచ్చాయి. అసలు దెబ్బ మాత్రం చీరల నుంచే తగిలింది. వాయిలు చీర పోయి నైలాను, పాలిస్టరు వచ్చాక బొంతకు పనికొచ్చే గుడ్డే ఇంట్లో లేకుండా పోయింది. ఆ గుడ్డ జారుతుంది, చెమట పీల్చదు.

ఎనిమిది ముక్కలు, ఒక్క బిందువు

ఇప్పుడు నక్షత్రం. మొదలుపెట్టేవాళ్లు నేరుగా ఎనిమిది రేకుల చుక్కకు పోకండి. చతురస్రాల చుక్కతో చేయి తిప్పుకోండి. పన్నెండు అంగుళాల గడి కావాలంటే నడుమకు ఆరున్నర అంగుళాల చదరపు ముక్క ఒకటి, మూలలకు మూడున్నర అంగుళాల చదరాలు నాలుగు. కోణాల కోసం చుక్క రంగులో మూడున్నర చదరాలు ఎనిమిది, నేల రంగులో మూడున్నర బై ఆరున్నర ముక్కలు నాలుగు. నేల ముక్క ఒక్కో చివరా ఒక్కో చదరం పెట్టి ఐమూలగా కుట్టి, పైకి మడిచి, వెనక మిగిలింది కత్తిరించేస్తే కోణం వచ్చేసినట్టే. ప్రతి అంచునా కుట్టుకు పావంగుళం ఈ కొలతల్లోనే కలిసి ఉంది. అలాంటి గడులు అడ్డంగా నాలుగు, నిలువుగా ఐదు కలిపి, చుట్టూ ఆరంగుళాల అంచు వేస్తే ఐదడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు.

అసలు అందం ఎనిమిది రేకులదే. కష్టమూ దానిదే. ఒక్కో రేకు కోణం 45 డిగ్రీలు, ఎనిమిదీ కలిస్తే 360. ప్రతి ముక్కలో నూలుపోగంత తేడా వచ్చినా నడుమకు చేరేసరికి అది ఎనిమిదింతలవుతుంది. కోణం తగ్గితే నడుమ గోపురంలా లేస్తుంది, పెరిగితే గుడ్డ అలలు పడుతుంది. ఇస్త్రీతో సర్దుకోదు, విప్పాల్సిందే. రేకు రెండు అంచులు నేత వెంట ఉంటే మిగతా రెండూ ఓరకు పడతాయి, పట్టి లాగితే సాగుతాయి. నేత వెంట ఉన్న అంచును ఓర అంచుతో జోడించి, సాగే వైపును అడుగున ఉంచి, చేత్తో లాగకుండా మిషనును దాని మానాన నడవనివ్వాలి. చేతికుట్టయితే ఇంకా సుఖం. పాత శుభలేఖల అట్టల్లోంచి రేకు ఆకారాలు కోసి, వాటి మీదకు గుడ్డ మడిచి టాకాలు వేసుకుంటే కోణం పొరపాటున కూడా తప్పదు. మన ఇళ్లలో శుభలేఖలకు కొదవా! నడిబొడ్డున పదహారు పొరలు చేరి బుడిపె కడతాయి కాబట్టి వెనక కుట్లన్నీ ఒకే వైపు తిరిగేలా పడుకోబెట్టాలి.

గుడ్డల ఎంపికలో మా ఆడవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. ప్రతి బీరువాలోనూ పేరంటాల్లో చేతులు మారుతూ వచ్చిన జాకెట్టు ముక్కల కట్ట ఉంటుంది. వాటిలో నూలువి ఏరండి. మిగతావి మళ్లీ పేరంటాలకే పంపండి. రాజమండ్రి తాడితోట బట్టల మార్కెట్టుకు పోయి కొత్త తాను కొని ముక్కలు చేయడం మాత్రం నాకు నచ్చదు. గుడ్డను కోసి మళ్లీ కుట్టడమే పనయితే అది సరదా అవుతుంది తప్ప బొంత అవదు. పెద్ద పువ్వు పక్కన చిన్న చుక్క, ముదురు పక్కన లేత పడాలి. అనుమానం వస్తే ముక్కల్ని నేల మీద పరిచి ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీసి చూడండి, రేకులు నేలలో కలిసిపోతున్నాయో లేదో తెలిసిపోతుంది. కుట్టేముందు అన్నీ ఉతకాలి. ఎర్ర గుడ్డను తడిపి తెల్ల గుడ్డతో ఒత్తి రంగు దిగుతుందేమో చూడాలి.

ఒక్క విషయంలో మాత్రం అమెరికా వాళ్లను అనుసరించకండి. పైన అతుకుల గుడ్డ, అడుగున అస్తరు, మధ్యలో దళసరి దూది పొర వాళ్ల మంచుదేశానికి సరిపోతుంది. మనకు ఆ పొర స్థానంలో ఒక పాత నూలుచీర మడత చాలు. పైన చుక్కలు, లోపల మన బొంత.

వేగుచుక్క, లేసు

అతుకుల దుప్పటికి మర్యాద దక్కిన చోట్లూ ఉన్నాయి. అమెరికా మైదానాల్లో లకోటా తెగవాళ్లు ఎనిమిది కోణాల వేగుచుక్కను దుప్పటంత పెద్దదిగా కుడతారు. ఒకప్పుడు గౌరవంగా అడవిదున్న తోలు కప్పేవాళ్లు, దున్నలు దాదాపు అంతరించాక ఆ స్థానంలోకి చుక్క దుప్పటి వచ్చింది. పురిట్లో, సన్మానంలో, చావులో దాన్నే కప్పుతారు. కర్ణాటకలో ఉత్తర కన్నడ అడవుల సిద్దీలు పాత బట్టలతో కవందిలు కుట్టి, మూలల్లో మడిచిన గుడ్డల పువ్వు పెట్టందే పని అయినట్టు ఒప్పుకోరు. అలబామాలోని గీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి రైతుకూలీ ఆడవాళ్లు కుట్టిన దుప్పట్లను 2002లో న్యూయార్కు విట్నీ మ్యూజియం గోడలకు వేలాడదీశారు.

మన దగ్గర సూదిపనికి దక్కిన మర్యాద వేరు. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఇంటింటి పనయింది. ఆ లేసు విదేశాలకు ఎగుమతి అవుతుంటే, అల్లే ఆడవాళ్లను మాత్రం ఖాళీగా కూర్చున్న ఇల్లాళ్లుగానే లెక్కగట్టారని జర్మన్ పరిశోధకురాలు మారియా మీస్ 1982లో వచ్చిన తన పుస్తకంలో రాశారు. నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు 2024లో వచ్చింది. అమ్మకానికి వెళ్లింది కాబట్టి లేసుకు ఆ పాటి గుర్తింపయినా దక్కింది. ఇంటి మంచం దాటి బయటికి పోని బొంతకు ఏ పేరూ లేదు. ఎవరు కుట్టారు, ఏ ఏడు కుట్టారు అన్న ఆనవాలు దాని మీద ఉండదు. చివరికి అది గడపలో కాళ్లు తుడుచుకునే గుడ్డయి పోతుంది.

అందుకే ఒక్క మనవి. దసరాకు బీరువా సర్దేటప్పుడు నూలుచీరలు, నూలు జాకెట్టు ముక్కలు పక్కన పెట్టండి. మీకు కుట్టే తీరిక లేకపోతే ఊళ్లో కుట్టే ఆవిడను పిలిచి, బేరం ఆడకుండా పనికి తగ్గ కూలి ఇచ్చి కుట్టించుకోండి. బొంత పూర్తయ్యాక అడుగువైపు ఒక మూల, ముదురు రంగు దారంతో కుట్టినావిడ పేరు, ఊరు, సంవత్సరం కుట్టించడం మరిచిపోకండి.